చీర పేలిక కట్టిన సాలు

మా మేనత్త పోయిన నెలలో కన్నుమూసింది. నాన్న ఫోన్‌లో ఆ మాట చెప్పి, "షెడ్డుకు నీళ్లు ఎవలన్న పెట్టిన్రో లేదో" అన్నాడు. అత్తమ్మ వింటే ఆ మాటకు మెచ్చుకునేది.

స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర ఆమెకు అర ఎకరం పాలీహౌస్ ఉండేది. ప్లాస్టిక్ పైకప్పు కింద తాళ్లకు పాకించిన టమాటా. ఇంట్లో అందరం దాన్ని షెడ్డనే అనేవాళ్లం. కాన్వెంట్ హాస్టల్ నుంచి సెలవులకు వచ్చినప్పుడల్లా నేను పుస్తకం పట్టుకుని అక్కడే కూర్చునేదాన్ని. నాకు మాటలు తక్కువ. మాట్లాడమని ఆమె ఎప్పుడూ అడగలేదు. మందు ప్యాకెట్ల మీది ఇంగ్లిషు మాత్రం చదివిపెట్టమనేది.

ఏ కొత్త మందయినా ఆమె మొదట ఒక్క సాలుకే కొట్టేది. ఆ సాలు మొదట్లోని కర్రకు పాత చీర పేలిక కట్టి, పది రోజులు చూసేది. మంచిగా ఉంటేనే మిగతా సాళ్లకు.

నా డిగ్రీ చివరి ఏడాది సెలవుల్లో టమాటా పూత రాలడం మొదలైంది. అంతకు ముందు ఏడు గాలివానకు ప్లాస్టిక్ చిరిగి పంట పోయింది. ఈసారీ పోతే షెడ్డు పీకేస్తానని మామయ్య అప్పటికే అన్నాడు.

"యూరియా పెంచక్కా" అన్నాడు ఎరువుల దుకాణం ఆయన.

"ఆకు నల్లగ నిగనిగలాడుతాంది తమ్మీ. యూరియా ఏం తక్కువైంది దానికి?" అంది అత్తమ్మ.

ఆమె మట్టి పరీక్ష చేయించింది. బోరాన్, జింకు తక్కువున్నాయని కాగితం వచ్చింది. "ఏసేది చిటికెడే. అది గూడ మన్ను అడిగితేనే" అనేది. బోరాన్ ప్యాకెట్ చదివి చెప్పాను: లీటరు నీళ్లకు ఒక గ్రాము. మూడో సాలుకు పేలిక కట్టి కొట్టింది.

మూడు రోజులకే నాకు ఓపిక పోయింది. బోరాన్ పూతను నిలబెడుతుందని పుస్తకంలో చదివాను. ఆమె జనగామ మార్కెట్‌కు పోయిన పూట, అదే సాలుకు రెండింతలు కలిపి మళ్లీ కొట్టాను. వారానికల్లా ఆకుల అంచులు కాలినట్టు ఎండిపోయాయి.

"ఈ మందు మనకు పడదు బిడ్డా. ఇడిసిపెడదాం" అంది అత్తమ్మ.

"ఇంకేముంది, పీకుడే" అన్నాడు మామయ్య.

నేను నోరు విప్పకపోతే పంటకు కావాల్సిన మందే ఆగిపోతుంది. "అత్తా, నేను మళ్ల కొట్టిన. రెండింతలు" అన్నాను.

"ఎవలు కొట్టమన్నరు?"

"పుస్తకంల పూత నిలవడుతదని ఉన్నది."

"రెండుసార్లు కొట్టుమని ఉన్నదా?"

"లేదు."

"మరి ఉన్నది చదువు. లేంది చదవకు."

"కాన్వెంట్ల గిదేనా నేర్పింది?" అన్నాడు మామయ్య.

"ఊకో. చెప్పింది గద, మంచిగనే నేర్పిన్రు" అని ఆమె పేలిక విప్పి నాలుగో సాలుకు కట్టింది. ఈసారి తూకం నా చేత వేయించింది. పది రోజులకు అక్కడ పూత నిలిచింది. తర్వాత అన్ని సాళ్లకూ కొట్టాం. మట్టికి వర్మీ కంపోస్టుతో పాటు కొద్దిగా జింకు ఇచ్చాం. ఆ పంట చేతికొచ్చింది.

మాడిన సాలును ఆమె పీకలేదు. చూడవచ్చిన రైతులను దాని ముందు నిలబెట్టి, "గిది మా మేనకోడలు చేసిన పని. ఎట్ల జేసిందో ఆమెనే చెప్తది" అని నన్ను ముందుకు తోసేది. పదిమంది ఎదుట నేను మాట్లాడటం మొదలుపెట్టింది అలాగే.

పాలీహౌస్‌లో గాలి సరిగా ఆడదు, తేనెటీగలు రావు. పువ్వుల్లో పుప్పొడి రాలాలంటే పొద్దున్నే ఎవరో ఒకరు ఒక్కో తాడునూ కదపాలి. ఇన్నేళ్లూ అది అత్తమ్మ పనే. మొన్న నేను వెళ్లేసరికి అవతలి చివర నుంచి మామయ్య ఒక్కో తాడునూ వేలితో మీటుకుంటూ, తొందర లేకుండా వస్తున్నాడు. అతని నల్ల చొక్కా మీద సన్నగా పసుపు పొడి.