పాయింట్ల గుమాస్తా

ఆఫీసులో అందరూ ఆయన్ని పాయింట్ల గుమాస్తా అంటారు. వాడిన కొద్దీ విమానం టికెట్లిచ్చే క్రెడిట్ కార్డు కోసం ఆరు బ్యాంకుల కాగితాలు భూతద్దం పెట్టి చదివి, ఒకదాన్ని ఎంచుకున్నాడు. అప్పట్నుంచి ఎవరు టీ తాగినా, "ఆగండాగండి, నేను గీకుతా! డబ్బులు నా చేతికివ్వండి" అంటూ అడ్డం పడేవాడు. నాలుగేళ్ళు గీకగా పోగైన పాయింట్లకు తీరా ఒక్క టికెట్టే వచ్చింది. భార్య చకచకా పెట్టె సర్దుకుంది.

"మా అక్కావాళ్ళింటికి నేను ముందు ఎగిరిపోతా. మీరు నిదానంగా బస్సులో రండి."

పద్దెనిమిది గంటలు కుదుపులు తిని, నడుం పట్టుకుని దిగాడాయన. ఎదురొచ్చిన భార్యకు ఆ వాలకం చూస్తే జాలేసింది.

"నడుం బాగా నొప్పెడుతోందా?"

"నడుం సంగతి సరేలేవే, ఆ కండక్టరు కార్డు తీసుకోనన్నాడు!" అన్నాడు, ఏడుపొక్కటే తక్కువగా.