డ్యూటీ మారినప్పుడల్లా ఒక పొట్లం

గున్నమ్మ క్యాలెండరు చూడదు. హిందీ మాట్లాడే ఉక్కు ఊళ్లో, క్యాంప్ 2 బస్తీలో కాపురం పెట్టిన ముప్పై ఏళ్లూ ఆమెకు వారం అంటే భర్త నరసింగరావు షిఫ్టే. ప్లాంటులో అతని డ్యూటీ వారానికోసారి మారేది. క్యారేజీ కట్టే వేళ మారిందంటే వారం మారినట్టు.

నిరుడు తొడలూ నడుమూ పీకి, ఆమె మెట్లెక్కలేకపోయింది. విటమిన్ డి బాగా తక్కువని రక్తపరీక్షలో తేలింది. ఎండ జొరబడని రెండు గదులు, గుమ్మం దాటని మనిషి, తగ్గక ఏమవుతుంది? డాక్టరు అరవై వేల యూనిట్ల పొడి రాశాడు. వారానికో పొట్లం పాలల్లో కలుపుకోవాలి. ఎనిమిది వారాలయ్యాక మళ్లీ పరీక్ష.

"నా డ్యూటీ మారినరోజు ఏసుకోయే, మర్సిపోవు" అన్నాడు నరసింగరావు.

మరచిపోలేదు. నొప్పులు తగ్గాయి. బాగున్నప్పుడు పరీక్షెందుకని వెళ్లలేదు. పాత చీటీ చూపిస్తే మందుల దుకాణంవాడు పొట్లాలు ఇస్తూనే ఉన్నాడు.

వేసవిలో నరసింగరావు రిటైరయ్యాడు. కొడుకు సురేశ్ అదే ప్లాంటులో ఠేకేదారు కింద కాంట్రాక్టు పనిలో చేరాడు. గున్నమ్మ అతనికి క్యారేజీ కట్టడం మొదలుపెట్టింది. అతని డ్యూటీ రెండ్రోజులకోసారి మారుతుంది.

నాలుగు నెలలకు దాహం పట్టుకుంది. చెంబులకు చెంబులు తాగినా నాలుక ఎండిపోయేది. తిన్నది వాంతయ్యేది.

"షుగర్ హోగా అత్తా, టెస్టు చేయించుకో" అంది పక్కింటి కల్యాణి.

"మీ ఇంట్లో టీ తాగితే షుగరు రాక ఏటొస్తాదే!" అని నవ్వింది గున్నమ్మ. నీరసం పెరిగేకొద్దీ పొట్లం మరింత శ్రద్ధగా కలుపుకుంది.

ఒక పొద్దున ఆమె ఖాళీ క్యారేజీకి మూత పెట్టి ఇచ్చింది.

"క్యా హువా అమ్మా? ఇందులో ఏటీ లేదు."

ఆమె సురేశ్ వైపు చూసింది. "నువ్వెవులు బాబూ?" అంది.

ఆస్పత్రిలో చూస్తే రక్తంలో కాల్షియం విపరీతంగా ఉంది. కిడ్నీలు దెబ్బతిన్నాయి. సెలైన్లెక్కించిన మర్నాటికి ఆమెకు తెలివి కుదుటపడింది. విటమిన్ డి ఎలా వాడుతున్నావని డాక్టరు అడిగాడు.

"డ్యూటీ మారినప్పుడల్లా బాబూ. ఒక్కటీ తప్పలేదు."

"ఎవరి డ్యూటీ అమ్మా?" అన్నాడు సురేశ్.

"నీదేరా. మీ నాన్నకింక డ్యూటీ ఎక్కడుంది?"

నరసింగరావు మంచం కమ్మీ పట్టుకున్నాడు. "నానే సెప్పేనండి. ఇప్పుడు మానీసింది కదా, తగ్గిపోతాదా?"

"కాల్షియం పెంచింది ఆ విటమినే. ఆపగానే పోదు. ఒంట్లో కొవ్వులో నిలవుంటుంది. వారాలో, నెలలో, కొద్దికొద్దిగా రక్తంలోకి దిగుతూనే ఉంటుంది. అంతవరకూ కిడ్నీలు తట్టుకోవాలి. పాలొద్దు. ఎండలో కూర్చోనివ్వొద్దు."

మూడోరోజు పొద్దున మళ్లీ రక్తం తీశారు. కాల్షియం తగ్గలేదు. గున్నమ్మ మళ్లీ నీళ్లడిగింది.