కన్యక గీసిన బగ్గీ

నలభై ఏడో ఏట కన్యక మొదటిసారి కుంచె పట్టుకుంది. చేవెళ్లలో వాళ్లది స్టీలు సామాన్ల దుకాణం. పెళ్లయిన నాటి నుంచీ గల్లాపెట్టె దగ్గర కూర్చుని, బిల్లు కాగితాల వెనక చెంబులూ, పిట్టలూ, కొనడానికొచ్చిన ఆడవాళ్ల ముఖాలూ గీస్తుండేది. భర్త విశ్వేశ్వర్ చూసి నవ్వేవాడే గానీ ఎన్నడూ వద్దనలేదు. మొయినాబాద్‌లో సాహిత్య అనే అమ్మాయి ఆయిల్ పెయింటింగ్ నేర్పుతుందని తెలిసి, వారానికి మూడు మధ్యాహ్నాలు బస్సెక్కి పోసాగింది.

సాహిత్య ఆమె ముందు ఒక ప్రింటు పెట్టింది. రెండు వందల ఏండ్ల కిందట యూరప్‌లో ఎవరో వేసిన చిత్రం. గాలివానలో, బురదదారిన, రెండు గుర్రాలు బగ్గీని ఎగువకు లాగుతున్నాయి. తోలేవాడు ముందుకు వంగి ఉన్నాడు. నల్లటి మబ్బుల కింద సన్నటి పసుపు వెలుగు.

"ఆ కాలపోళ్లు తుఫాన్‌ను మనిషి గుండెలెక్క గీసేటోళ్లు ఆంటీ. ఇది మొత్తం కాపీ చెయ్యండి. చెయ్యి దానంతటదే తిరుగుతది" అంది.

ప్రింటు మీద పెన్సిల్‌తో గడులు కొట్టి, అవే గడులు కాన్వాసు మీద పెద్దగా గీసి, ఒక్కో గడినీ నింపుకుంటూ పోయింది కన్యక. మబ్బులు రెండు నెలల్లో వచ్చాయి. గుర్రాలే రాలేదు. ఎన్నిసార్లు దిద్దినా ఆ కాళ్లు మంచం కోళ్లలాగే నిలబడ్డాయి.

చివరికి మొయినాబాద్ దగ్గరి హిమాయత్‌నగర్‌లో పెళ్లి ఊరేగింపులకు గుర్రాలను కిరాయికిచ్చే కొమురయ్య దగ్గరికి పోయింది. ముసలాయన సంగతి విని, గుర్రాన్ని బండికి కట్టి, బండిలో ఇసుక బస్తాలు వేసి ఆమె ముందు నడిపించాడు.

"మెడ జూడకు సేటమ్మా. బరువు పడ్డప్పుడు ఎనక తొడలు జూడు. జోరంత అక్కడనే పుడ్తది."

నాలుగు రోజులు పోయి చూసింది. ప్రింటులో లేని సంగతొకటి కూడా ఆమె కంటపడింది. బరువు లాగేటప్పుడు గుర్రం ఒక చెవిని తోలేవాడి వైపు వెనక్కి తిప్పుతుంది. తన ఎడమ గుర్రానికి ఆ చెవి పెట్టింది. ఏడో నెలలో బగ్గీ కదిలింది. సాహిత్య దగ్గరికొచ్చి చూసి, "ఆరేదాక ఇక్కడనే ఉండనియ్యండి ఆంటీ" అంది.

నెల తిరిగాక, వానకు పైకప్పు కారి కాన్వాసు పాడైందనీ, పారేశాననీ కన్నీళ్లతో చెప్పింది. కన్యకే ఆమె వీపు నిమిరింది. "పోతే పోనీ బిడ్డా. మల్ల ఏసుకుంట."

మాఘంలో గండిపేట దగ్గర ఒక కొత్త విల్లా గృహప్రవేశానికి భార్యాభర్తలు పోయారు. ఆ ఇంటికి వంటసామానంతా పంపింది విశ్వేశ్వరే. హాల్లో అడుగుపెట్టగానే ఎదురుగోడ మీద, బంగారు రంగు ఫ్రేములో, బగ్గీ. ఎడమ గుర్రం చెవి వెనక్కి తిరిగి ఉంది. మూలన సాహిత్య సంతకం.

మరునాడు మొయినాబాద్ పోయింది. కోప్పడదామనే పోయింది గానీ అడిగింది ఇంతే.

"అబద్ధమెందుకు చెప్పినవ్ బిడ్డా? అడిగితే ఇచ్చేదాన్ని."

సాహిత్య తలెత్తలేదు. "అది మీ సొంత బొమ్మ కాదు కద ఆంటీ. ఎవరిదో చూసి ఏసిండ్రు. నేర్పింది నేను. మీ పేరుతోని ఆ గోడెక్కేదా?"

కన్యక తన కుంచెలు ఏరుకుని వచ్చేసింది.

ఇంటికొచ్చి భర్తకు జరిగింది చెప్పింది. అతను ఆశ్చర్యపోలేదు.

"మీకు ముందే ఎరుకనా?"

"సామాను దించనీకి పోయినప్పుడు చూసిన. చెప్తే లొల్లి చేస్తవని ఊకున్న. పెద్ద గిరాకి కన్యకా."

"మరి నన్నెందుకు తీస్కపోయిండ్రు?"

"నువ్వు గుర్తుపట్టవనుకున్న."

ఏడు నెలలు అన్నం వడ్డిస్తూ ఆమె అతనికి ఆ గుర్రాల ముచ్చటే చెప్పింది. కాళ్ల గురించి, చెవి గురించి. సాహిత్య మాటకు రాని ఏడుపు ఈ మాటకు వచ్చింది.

తర్వాత దుకాణం మీది గదిని అతనే ఖాళీ చేయించాడు. పట్నం నుంచి కాన్వాసులూ మంచి రంగులూ తెచ్చిపెట్టాడు. ఆమె వద్దనలేదు. రోజూ మధ్యాహ్నం పైకి పోయి వేసుకుంటుంది. అప్పుడప్పుడూ అతను మెట్ల మీద నిలబడి, "ఏమేస్తున్నవ్?" అని అడుగుతాడు. "అయినంక చూద్దురు" అంటుంది. ఇప్పటికి మూడు బొమ్మలు పూర్తయ్యాయి. అతను ఒక్కటీ చూడలేదు.