గడ్డిలో కంప్యూటర్

ఉయ్యూరులో డీటీపీ సెంటర్ నడిపే హెలెన్, గ్యాస్ బండనైనా తూకం వేయించనిదే గుమ్మం దాటనివ్వదు. మామిడికాయలు పెట్టెల్లో సర్దే తండ్రి దగ్గర నేర్చిన పద్ధతిలోనే, కంప్యూటర్‌ను పెట్టెలో పెట్టి, చుట్టూ వరిగడ్డి కూరి విజయవాడకు రిపేరుకు పంపింది. తిరిగి పంపేటప్పుడూ అలాగే కూరమని షాపువాళ్లకు మరీమరీ చెప్పింది. తీరా పార్సిల్ ఆఫీసులో చూస్తే పెట్టె మూల నలిగి ఉంది.

"ముందు సంతకం పెట్టండి మేడమ్. ఇంటికెళ్లి చూసుకుందురు గాని," అన్నాడు గుమాస్తా.

హెలెన్ కొంగు బిగించి కౌంటర్ మీదే పెట్టె విప్పింది. గడ్డి నిండుగానే ఉంది. లోపల సీపీయూ రేకు సొట్టపడి, ఫ్యాను ఊడి వేలాడుతోంది.

"గడ్డి చాల్లేదేమోనండీ," అని నసిగాడతను.

"ఇలాంటి గడ్డిలోనే మా నాన్న సర్దిన కాయ కలకత్తా వెళ్లినా నలగలేదండీ. మీరు విసిరేశారు."

రసీదు మీద 'దెబ్బతిని వచ్చింది' అని పెద్దక్షరాలతో రాసి, పెన్ను అతని చేతిలో పెట్టింది.

"సంతకం ముందు మీరు పెట్టండి."