నీళ్ళ బండికి అటూ ఇటూ

మొన్న సెప్టెంబరులో శాంతి దినోత్సవం చేస్తున్నామని బంగారుపాళ్యం పక్కనున్న ఒక స్కూలువాళ్ళు నన్ను పిలిచారు. పరాయి దేశంలో శాంతి దళంలో పనిచేసి వచ్చినవాడు ఈ చుట్టుపక్కల నేనొక్కడినే మిగిలానని ఎవరో చెప్పారట. పెట్టె అడుగున మడిచి పెట్టుకున్న ఆ దళం నీలి టోపీ తీసి, దులిపి, పెట్టుకుని వెళ్ళాను. పిల్లలు అట్టముక్కలతో తెల్ల పావురాలు చేసి తోరణం కట్టారు, పాట పాడారు. నేను మైకు ముందు నిలబడి ఎక్కడ మొదలుపెట్టాలా అని తడుముకుంటుండగానే ముందు వరుసలోంచి ఒక పాప లేచి, “తాతా, నువ్వు ఎంతమందిని కాల్చినావు?” అని అడిగింది. ఒక్కరినీ కాల్చలేదమ్మా, నేను నీళ్ళ బండి తోలినాను అన్నాను. పాప కూర్చుంది. పిల్లల మొహాల్లో ఉత్సాహం జారిపోవడం నాకు కనిపించింది. వాళ్ళ తప్పేముంది, వాళ్ళు టీవీలో చూసే సైనికుడు వేరు. నాలుగు మంచి మాటలు చెప్పి, వాళ్ళు కప్పిన శాలువా చంకలో పెట్టుకుని బస్సెక్కి ఇంటికి వచ్చేశాను. చెప్పకుండా మింగేసిన ఆ నీళ్ళ బండి సంగతి మాత్రం అప్పటినుంచీ గొంతులోనే ఉంది. నా వయసువాళ్ళు కొందరైనా ఇది చదువుతారు కదా, మీకు చెబుతాను.

మాది మామిడి తోపుల మధ్య ఊరు. నాయన తోటలకు కాపలా ఉండేవాడు. నాకు చదువు అబ్బలేదు గానీ ట్రాక్టరు, లారీ ఏది కనబడినా తోలాలని ఉండేది, ఆ పిచ్చే నన్ను చిత్తూరులో మిలిటరీ సెలెక్షనుకు తీసుకుపోయింది. మంచుకొండల్లో తోలాను, ఎడారిలో తోలాను, ఆ తర్వాత ఆఫ్రికాలో ఒక దేశానికి మా దళాన్ని పంపారు. అక్కడ ఒకే దేశం మనుషులు రెండు పక్షాలై ఏళ్ళ తరబడి చంపుకున్నారు. పెద్దవాళ్ళు ఎక్కడో కూర్చుని సంధి మీద సంతకాలు పెట్టారు, కానీ కాగితం మీద ఆగినంత తొందరగా గొడవ ఊళ్ళలో ఆగదు కదా. ఆ సంధి నిలదొక్కుకునేదాకా మధ్యలో ఉండమని రకరకాల దేశాల సైనికులను అక్కడికి చేర్చారు. యుద్ధం నేర్చుకున్న మేమంతా యుద్ధం రాకుండా చూడడానికి కూర్చున్నాం. తుపాకీ చేతిలో ఉంటుంది, పేల్చే పని ఉండకూడదు. మొదట్లో ఇదేం ఉద్యోగమా అని మాకే అనిపించేది.

మా క్యాంపు దగ్గర ఎండిపోయిన వాగు, మా వైపు వంక అంటాం, ఒకటి ఉండేది. వంకకు ఇవతల ఒక పక్షం వాళ్ళ ఊరు, అవతల ఇంకో పక్షం వాళ్ళ ఊరు. రెండూళ్ళకూ నీళ్ళిచ్చిన బావి వంకలోనే ఉండేదట, గొడవల్లో ఎవరో రాళ్ళేసి పూడ్చేశారు. అందుకని రోజూ పొద్దున నేను నీళ్ళ ట్యాంకరు తీసుకెళ్ళి వంక మధ్యలో అడ్డంగా నిలబెట్టేవాణ్ణి. బండికి రెండువైపులా కుళాయిలు. ఇవతలివాళ్ళు ఇవతల పట్టుకోవాలి, అవతలివాళ్ళు అవతల. బండి ముందూ వెనకా మావాళ్ళు కాపలా ఉండి ఎవరినీ దాటనిచ్చేవాళ్ళు కాదు. అందరూ వెళ్ళిపోయేదాకా బండి కదపకూడదని గట్టి ఆర్డరు, ఒకరి మొహం ఒకరికి కనబడితే పాతవన్నీ లేస్తాయని భయం.

నా పక్క సీట్లో దుబాసీ కూర్చునేవాడు. అతను ఇవతలి ఊరి బడిపంతులు, మా మాట వాళ్ళకూ వాళ్ళ మాట మాకూ చేరవేయడానికి పెట్టుకున్నాం. నన్ను వాళ్ళ భాషలో అన్నా అనేవాడు. అతని భార్య పుట్టిల్లు అవతలి ఊరు. గొడవలు మొదలైనాక ఆ పిల్ల తల్లిని చూడలేదు, అత్త బతికి ఉందో లేదో కూడా తెలియదని చాలా మామూలుగా, కిటికీలోంచి బయటికి చూస్తూ చెప్పాడు. అడవుల్లోకి పారిపోయినవాళ్ళు ఒక్కొక్కరుగా తిరిగొస్తున్న కాలమది.

ఒకనాడు అతని భార్య చంటిబిడ్డను వీపుకు కట్టుకుని నీళ్ళకొచ్చింది. బిడ్డ ఏడుస్తుంటే క్యాను కుళాయి కింద పెట్టి, చెయ్యి వెనక్కి పెట్టి తడుతూ ఏదో అంటూ ఊరడిస్తోంది. అంతలో బండికి అవతల డబ్బా ఒకటి కిందపడిన చప్పుడయింది, ఈమె గొంతు పోల్చుకున్నట్టు ముసలి గొంతొకటి పేరు పెట్టి పిలిచింది. ఈ పిల్ల ఉలిక్కిపడింది. మోకాళ్ళ మీద కూర్చుని బండి కిందికి వంగింది. నేను దిగి చూస్తే, అవతల ఒక ముసలామె బురదలో బోర్లా పడుకుని చక్రాల మధ్యనుంచి చెయ్యి చాపుతోంది. కూతురి చెయ్యి అందడం లేదు. వాళ్ళేం మాట్లాడుకుంటున్నారని దుబాసీని అడిగాను. బిడ్డ ఎవరిదని అడుగుతోంది, తనకు మనవరాలు పుట్టిన సంగతే ఆమెకు తెలియదు అన్నాడు. 

కాసేపటికి ముసలామె లేచి, బండి ముందుకొచ్చి తలుపు మీద అరచేత్తో కొట్టింది. కోపంగా కాదు, ఇంట్లోవాళ్ళను తలుపు తీయమన్నట్టు. బండి ముందుకు తీయమంటోందని దుబాసీ చెప్పాడు. నేను ఆ పూట కాపలాకు వెంట వచ్చిన మా కెప్టెన్ వైపు చూశాను. చిన్న వయసువాడు, మీసాలు కూడా సరిగా రాలేదు. బండి తీస్తే రెండూళ్ళ జనం ఎదురెదురుగా నిలబడతారు. వాళ్ళల్లో కుర్రాళ్ళున్నారు, చొక్కాల కింద ఏమున్నాయో ఎవరికి తెలుసు. ఒక్క రాయి లేస్తే చాలు, పెద్దలు కుదిర్చిన సంధి అక్కడే నీళ్ళపాలు. తీయకపోయినా ఎవరూ ఏమనరు, ఆర్డరు అదే. ఆయన రెండు వరుసలనూ ఒకసారి కలియజూసి, నెమ్మదిగా తియ్, ఇంజను మాత్రం ఆపొద్దు అన్నాడు.

నేను ఎక్కి గేరు వేశాను. బండి కదిలింది. వెనక ఏం జరుగుతోందో నాకు పక్కద్దంలో మాత్రమే కనిపించింది. రెండు వరుసలు ఉన్నచోటే బిగుసుకుపోయి నిలబడ్డాయి. ముసలామె పరుగెత్తలేదు, అందరూ చూస్తున్నారని తెలిసినట్టుగా ఒక్కో అడుగే వేస్తూ వచ్చింది. కూతురు ఆమెకు వీపు తిప్పి బిడ్డను చూపించింది. అప్పుడే ఇవతలి వరుసలోంచి ఒక కుర్రాడు చొక్కా కింద చెయ్యి పెట్టుకుని ముందుకొచ్చాడు.  వాడి పక్కనే ఉన్న నాయనమ్మ తన నిండు క్యాను ఎత్తి వాడి చేతుల్లో పెట్టి, ఇంటికి మోసుకుపొమ్మని కసిరింది. వాడి రెండు చేతులూ క్యానుకే సరిపోయాయి. వాడు ఒక్క క్షణం అటూ ఇటూ చూసి ఊరి దారి పట్టాడు.

మరునాటినుంచి నీళ్ళు పట్టడం అయిపోగానే నేను బండి ముందుకు తీయడం అలవాటయింది. మొదట దూరంనుంచి చూసుకున్నారు, తర్వాత ఉప్పు, ఎండుచేపలు చేతులు మారాయి, ఆ తర్వాత ఎవరు ముందన్నారో తెలియదు గానీ బావి పూడిక తీద్దామన్నారు. రెండూళ్ళ మగవాళ్ళు లోపల దిగితే, నాలుగు దేశాల సైనికులం ఒకే తాడు పట్టుకుని లాగాం. ఊట పడినాక నా బండికి పనిలేకుండా పోయింది. అంత సంతోషంగా ఖాళీగా కూర్చున్న రోజులు నా ఉద్యోగంలో మళ్ళీ లేవు.

మేం తిరిగొచ్చాక కొన్నేళ్ళు దుబాసీ ఫోన్ చేస్తుండేవాడు. బిడ్డ నడుస్తోందనీ, బడికి పోతోందనీ, అత్త తమ దగ్గరే ఉంటోందనీ చెప్పేవాడు. తర్వాత ఆ దేశంలో మళ్ళీ కాల్పులని వార్తల్లో విన్నాను. ఆరోజు నుంచి ఆ నంబరు పలకలేదు. తెలిసిన ఆఫీసర్లను అడిగాను, తెలియదన్నారు. మేం కాపాడింది నిలిచిందో, మేం వచ్చేయగానే చెదిరిపోయిందో ఈనాటికీ నాకు తెలియదు. అక్కడ నాతోపాటు ఉన్న వంటమనిషి ఒకడు పాకాలవాడే. నెలకొకసారి రైలు స్టేషనులో బెంచీ మీద కూర్చుని ఆ వంక, ఆ ముసలామె, ఆ కెప్టెన్ మీసాలు తలచుకునేవాళ్ళం. పోయినేడు వాడూ పోయాడు.

మన చిన్నప్పుడు దూరదేశంలో యుద్ధమంటే టీ కొట్టు దగ్గర పేపరు చదివేవాడి చుట్టూ జనం మూగేవాళ్ళు, అక్కడివాళ్ళు ఏమైపోతారో అబ్బా అనుకునేవాళ్ళు. ఇప్పుడు అదే యుద్ధం అందరి చేతుల్లోని ఫోన్లలో కనబడుతూనే ఉంది, వేలితో పైకి తోసేస్తున్నారు. సూళ్లూరుపేటలో ఉన్న నా కూతురు మంచిదే, ఆదివారం తప్పకుండా ఫోన్ చేసి మాత్రలు వేసుకున్నావా నాయనా అని అడుగుతుంది. అంతకుమించి ఏమడుగుతుంది, ఆ నీళ్ళ బండి కథ ఆ పిల్ల ఎరిగిన సంగతి కాదు.

నా భార్య కాట్పాడి దాటి ఎరుగదు. ఆ దేశం ఏ దిక్కున ఉంటుందో ఆమెకు తెలియదు. అయినా నేను చెప్పిన నాటినుంచి ఆ తల్లీకూతుళ్ళను తన చుట్టాల్లో కలిపేసుకుంది. అన్నం వడ్డిస్తూ వడ్డిస్తూ ఆగి, “ఆ ముసలామె ఎట్లుండాదో, ఈపొద్దు ఏం తినిందో” అనేది. బాగానే ఉంటుందిలే అనేవాణ్ణి నేను. ఆమె పోయినాక అన్నం నేనే పెట్టుకుంటున్నాను. ఈ ఇంట్లో వాళ్ళను గురించి అడిగేవాళ్ళు లేరు.