అక్క నెత్తురు, ఇనుము చూసే మైక్రోస్కోపు

భిలాయ్ ప్లాంటు ల్యాబ్‌లో నా పని ఉక్కు ముక్కల్ని అద్దంలా నునుపు చేసి, పైన యాసిడ్ రాసి, మైక్రోస్కోపు కింద చూడడం. అందులో ఇనుము గింజలు గింజలుగా కనిపిస్తుంది. అణువులు కనిపించవు. తొంభైల మొదట్లో ఒక పత్రికలో అణువులు విడివిడిగా, గుండ్రంగా కనబడే బొమ్మ వేశారు. క్యాంప్ 1 బస్తీలో మా ఇంటికి తెచ్చి, అమ్మకీ అక్కకీ చూపించి గొప్పలు పోయాను.

"నీ మైక్రోస్కోపులో కనిపిస్తాయేటి?" అంది అక్క.

"కనపడవు. వీళ్ళది అసలు చూసే మిషను కాదు. సన్నటి సూదిమొన పైపైన తడుముకుంటూ పోతుంది. అది చెప్పిన ఎత్తుపల్లాల్ని బట్టి బొమ్మ గీస్తారు."

"అయితే గుడ్డిదే పాపం," అని నవ్వింది అక్క.

ఆ వానల్లోనే అక్కకి జ్వరం పట్టుకుంది. పట్టుకున్నది వదల్లేదు. ఆస్పత్రిలో రక్తం చూసి "కుఛ్ నహీ దిఖ్ రహా", ఏమీ కనపడట్లేదు అన్నారు. మందులు మార్చి ఇంటికి పంపేశారు. అక్క మంచానికి అతుక్కుపోయింది.

ఒక పొద్దున్న అమ్మ, ఇంటింటికీ వచ్చే మలేరియా వాళ్ళు చేసినట్టే, అక్క వేలికి సూది గుచ్చి గాజుపలక మీద నెత్తురు పూసింది.

"పట్టుకెల్లు. అనువునే సూసీసినారని నువ్వే సెప్పినావు కదరా. జ్వరం అంతకన్నా సిన్నదేటి?"

నాకు ఒళ్ళు మండింది. "అది ఇనుము చూసేదమ్మా. నెత్తురు చూసే మైక్రోస్కోపు ఆస్పత్రిలోనే ఉంది."

"ఆల్లకి కనపళ్ళేదు కదా."

గాజుపలకని రుమాల్లో చుట్టి ల్యాబ్‌కి పట్టుకెళ్ళాను.

మా మైక్రోస్కోపులో వెలుతురు పైనుంచి పడి, మెరిసే ఇనుము మీంచి తిరిగి కంట్లోకి వస్తుంది. గాజు మీది నెత్తురు దాన్ని తిప్పి పంపదు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ లెన్సు మార్చి లెన్సు పెట్టాను. ఏదో ఒకటి కనిపించు తల్లీ అని ఆ యంత్రాన్ని బతిమాలాను. కళ్ళు నీళ్ళు కారాయి గానీ చీకటి తప్ప ఇంకేం లేదు.

ఏం అబద్ధం చెప్పాలా అనుకుంటూనే ఇంటికొచ్చాను. అమ్మ నన్నేమీ అడగలేదు. అక్క నుదుటి మీద చెయ్యేసి కూర్చునుంది. ఎన్నాళ్ళకో అమ్మ మొహం తేటపడింది.

"ఒరే, సల్లబడిందిరా. జ్వరం దిగిపోనాది. ఇటొచ్చి సూడు."

పక్కన కూర్చుని నేనూ చెయ్యేశాను. అది జ్వరం దిగిన చల్లదనం కాదు. చెయ్యి తీయలేకపోయాను. తీస్తే అమ్మకి చెప్పాలి.