కలుపు తీయడం ఆగిన చోటు

నా చిన్నప్పుడు, మేము మిషిగన్‌లోని ట్రాయ్‌లో ఉండగా, ఒక చలికాలం నాకు తమ్ముడు పుట్టి, పుట్టిన రోజే పోయాడు. రెండు వేల రెండు ప్రాంతాల మాట. నాకప్పుడు పదేళ్ళు. తమ్ముణ్ణి నేను చూడలేదు. పిల్లలకి చూపించరు కాబట్టి అది సరే అనుకుందాం. కానీ మా అమ్మ కూడా వాణ్ణి చూడలేదు. కాన్పు కష్టమై ఆవిడ ఐసీయూలో స్పృహ లేకుండా ఉండగానే అన్నీ జరిగిపోయాయి. చూస్తే జన్మలో మరిచిపోలేదని, తెలివి రాకముందే కానిచ్చెయ్యమని ఇండియా నుంచి పెద్దవాళ్ళు ఫోన్‌లో చెప్పారట. మా నాన్న, మా బాబాయి కలిసి వెళ్ళి ఆ పని ముగించి వచ్చారు. అమ్మ కళ్ళు తెరిచేసరికి చెప్పడానికి ఒక వాక్యం తప్ప చూపించడానికి ఏమీ మిగల్లేదు.

మా నాన్న కార్ల కంపెనీలో ఇంజనీరు. బ్రేకు భాగాలని కొలిచి, కొలతకి రానివాటిని పక్కన పడేయించడం ఆయన పని. ఇంట్లోనూ ఆ పద్ధతే. అమ్మ ఆసుపత్రి నుంచి రాకముందే పసివాడి మంచం విప్పి, మళ్ళీ పెట్టెలో సర్ది, రసీదు వెతికి కొట్లో రిటర్న్ చేసేశాడు. చిన్న చొక్కాలు, దుప్పట్లు ఎవరికో ఇచ్చేశాడు. కంటికి కనబడకపోతే మనసుకి నొప్పి ఉండదని ఆయన లెక్క. ఆయన మనసు రాయేమీ కాదు. భార్యని కాపాడుకోవడానికి ఆయనకి తెలిసిన దారి అదొక్కటే.

ఊళ్ళో తెలుగువాళ్ళు మంచివాళ్ళు. వారాల తరబడి మా ఇంటికి పులిహోర, చారు, కూరలు డబ్బాల్లో వచ్చాయి. ఆంటీలు అమ్మ పక్కన కూర్చుని, చిన్నదానివే కదా, మళ్ళీ పుడతారులే అనేవారు. ఒక్కతి ఉందిగా, దాని మొహం చూసుకో అనేవారు. ఆ ఒక్కతిని నేనే కాబట్టి నా మొహం ఎలా పెట్టుకోవాలో తెలిసేది కాదు. అమ్మ అందరికీ తల ఊపేది. వాళ్ళు వెళ్ళాక సింకు దగ్గర నిలబడి, కుళాయి తిప్పి, గిన్నెలు కడుగుతున్నట్టు చాలాసేపు ఉండేది. కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగేది. నేను స్కూల్లో జరిగిన తమాషాలన్నీ నా వంకర తెలుగులో చెప్పేదాన్ని. నవ్వేది, పాపం, నాకోసం.

మా బాబాయి వేరే రకం. గంటన్నర దూరంలో ఉన్న యూనివర్సిటీలో నేలల మీద పరిశోధన చేసేవాడు. పెళ్ళి కాలేదు, వంట రాదు, శని ఆదివారాలు మా అమ్మ పప్పు వాసనకి కారు దానంతటదే ఇటు తిరుగుతుందనేవాడు. ఏడాదికి రెండు మూడుసార్లు ఆఫ్రికాలోని మలావీకి వెళ్ళొచ్చేవాడు. అక్కడి రైతుల దగ్గర ఎకరం, రెండెకరాల కంటే ఉండదు. కొత్తగా నరకడానికి అడవీ లేదు, ఎరువు కొనడానికి చేతినిండా డబ్బూ ఉండదు. ఉన్న ఆ భూమి చెక్కలోనే నేల చచ్చిపోకుండా ఎక్కువ పంట ఎలా తీయాలన్నది వాళ్ళ ప్రశ్న. మొక్కజొన్న సాళ్ళ మధ్య కంది వేస్తే, కంది ఆకు రాలి మరుసటి ఏడు మొక్కజొన్నకి బలమవుతుంది. ఆయన పుట్టి పెరిగింది అనంతపురం జిల్లాలో కాబట్టి, కంది గురించి మాట్లాడమంటే తిండి కూడా మరిచిపోయేవాడు.

ఆ పని ఆయనొక్కడే చేసేది కాదు. అక్కడి కాలేజీవాళ్ళు, ఊళ్ళో రైతులు, ఇక్కడి వీళ్ళు అంతా కలిసి చేసేవారు. ఊరి మధ్య ఒక పెద్ద మడి వేసి, అందులో పద్ధతులన్నీ పరిశోధకులే పెంచుతారు. దాన్ని తల్లి మడి అంటారు. రైతులు వచ్చి చూసి, తమకి నచ్చిన ఒకటో రెండో పద్ధతులు తీసుకెళ్ళి, సొంత చేలో తమకి చేతనైనట్టు వేసుకుంటారు. అవి పిల్ల మడులు. చేలు చాలావరకు ఆడవాళ్ళవే. ఇదంతా బాబాయి నాకు అన్నం ముద్దలతో కంచంలో వేసి చూపించేవాడు.

మార్చి నెల వచ్చినా మంచు కరగని ఒక ఆదివారం మధ్యాహ్నం, బాబాయి పెద్ద తెల్ల అట్ట ఒకటి కారులో అడ్డంగా ఇరికించుకుని వచ్చాడు. మలావీ నుంచి అప్పుడే దిగాడు. యూనివర్సిటీలో ఏదో పెద్ద సమావేశం ఉందట, ఆ అట్ట మీద పిల్ల మడుల ఫొటోలు అంటించాలట. ప్రతి ఫొటోలోనూ ఒకావిడ తన చేలో నిలబడి ఉంది. భోజనాల బల్ల మీద అన్నీ పరిచాం. నేను జిగురు రాస్తున్నాను. మా నాన్న ఉక్కు స్కేలు తెచ్చి, ఫొటోకీ ఫొటోకీ మధ్య ఖాళీ సమానంగా ఉండేట్టు గీతలు గీస్తున్నాడు. చాలా రోజుల తర్వాత ఆయన హుషారుగా కనిపించాడు. అమ్మ వంటింట్లో కుళాయి దగ్గరుంది.

నాన్న ఒక ఫొటో దగ్గర ఆగాడు. అందులో చేను సగం పచ్చగా, నిటారుగా ఉంది. మిగతా సగం కలుపులో మునిగిపోయి, మొక్కజొన్న పీలగా, పసుపు రంగులో ఉంది. రెండింటికీ మధ్య కత్తితో కోసినట్టు ఒక గీత. ఆ గీత పక్కన ఒకావిడ చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

"ఇది ఔట్‌లయర్‌రా, మిగతావాటితో కలవదు. రిపోర్ట్‌లో ఎక్కడో వేసుకో, బోర్డ్ మీద ఎందుకు? ఫండింగ్ ఇచ్చేవాళ్ళు చూస్తారు. తీసెయ్," అన్నాడు నాన్న.

"తియ్యను అన్నయ్యా," అన్నాడు బాబాయి.

మా బాబాయి అన్నగారి మాటకి ఎదురు చెప్పడం అంతకుముందు నేనెప్పుడూ చూడలేదు. గట్టిగా కూడా అనలేదు. తర్వాత కుర్చీలో వెనక్కి వాలి, ఆ చేను సంగతి చెప్పాడు.

ఆ ఊళ్ళో ఆడవాళ్ళని పేరు పెట్టి పిలవరట. పెద్దబిడ్డ పేరు చెప్పి, ఫలానావాళ్ళమ్మ అంటారట. ఈవిడ చిసోమో వాళ్ళమ్మ. చిసోమోకి నాలుగేళ్ళు. విత్తనాలు వేసిన రోజున కోళ్ళని తరమడం ఆ పిల్ల పనట, కోళ్ళకంటే ఎక్కువగా విత్తనాలు అదే తొక్కేసేదట. జనవరిలో కలుపు తీస్తుండగా పిల్లకి జ్వరం వచ్చింది. తల్లి పార అక్కడే వదిలి, పిల్లని ఎత్తుకుని ఆసుపత్రికి నడిచింది. మలేరియా. తిరిగి ఒక్కతే వచ్చింది. మిగతా సగంలో కలుపు ఎవరూ తీయలేదు.

పంట చూడటానికి ఊరంతా ఒక చేను నుంచి ఇంకో చేనుకి నడుస్తూ వెళ్తారట. ఆ రోజు బాబాయి కూడా, ఆవిడని బాధపెట్టడం ఎందుకని ఆ చేను వదిలేసి ముందుకి నడవబోయాడట. ఊళ్ళో ముసలావిడ ఒకామె ఆయన చెయ్యి పట్టుకుని వెనక్కి లాక్కొచ్చిందట. ఆడవాళ్ళంతా ఆ గీత దగ్గర ఆగారు. చిసోమో వాళ్ళమ్మే ముందుకి వచ్చి, ఇక్కడిదాకా కలుపు తీశాను, ఇక్కడ నా బిడ్డకి జ్వరం వచ్చింది అని కాలితో నేల చూపించిందట. ఫొటో తియ్యమని తనే అడిగిందట.

"తల్లి మడిలో కలుపు తీయడానికి జీతం తీసుకునే మనుషులున్నారు అన్నయ్యా. ఈ ఇంట్లో ఒక్కావిడే. జబ్బు చేసిన ఇంట్లో మా పద్ధతి నిలబడదని ఈ చేనొక్కటే చెప్పింది. బాగా పండినవి ఆ మాట చెప్పలేదు. దీన్ని తీసేస్తే మేము వచ్చే ఏడాది కూడా ఇదే తప్పు చేస్తాం," అన్నాడు బాబాయి. ఫొటో మీద వేలు పెట్టి, "తీసేస్తే ఆ పిల్ల లేనట్టే కదా," అన్నాడు.

వంటింట్లో కుళాయి ఆగింది. అమ్మ తడి చేతులతోనే వచ్చి ఫొటో మీదికి వంగింది. ఆ గీతనే చూస్తోంది.

"ఇప్పటికీ ఆవిణ్ణి అలాగే పిలుస్తారా?" అంది.

"అలాగే వదినా. ఇంకెలా పిలుస్తారు?"

అమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. ఎవరి వైపూ చూడకుండా అంది. "కోళ్ళని తరిమేదని కూడా తెలిసింది నాకు, ఎక్కడో మలావీలో పిల్ల గురించి. నా కొడుకు గురించి నాకేమీ తెలీదు."

నాకు భయమేసింది. కొడుకు అన్న మాట మా ఇంట్లో ఎవరూ పలకలేదు అప్పటిదాకా. బాబాయి తలొంచుకున్నాడు. చెప్పాల్సింది తాను కాదని ఆయనకి తెలుసు. మా నాన్న స్కేలు బల్ల మీద పెట్టాడు. కొలవడమే వృత్తి అయిన మనిషి, తన ఎడమ చెయ్యి చాపి, అరచేతి నుంచి మోచేతిదాకా కుడి చేత్తో చూపించాడు.

"ఇంత ఉన్నాడు," అన్నాడు. ఆ చేతినే చూస్తూ మళ్ళీ మొదలుపెట్టాడు. "జుట్టు బోలెడుంది. చెవులు నీవే. నా వేలు పట్టుకున్నాడు. నేనే విడిపించుకున్నాను, నర్స్ తీసుకెళ్ళాలంటే."

అమ్మ ఆ చెయ్యి మీద, ఆయన చూపించిన చోట తన చెయ్యి వేసి ఏడ్చింది. అన్ని వారాలు సింకు దగ్గర దాచుకున్నదంతా ఏడ్చింది. నాన్న కూడా. నేను జిగురు డబ్బా పట్టుకుని ఏం చెయ్యాలో తెలీక ఏడ్చాను. అమ్మ ఇంకా అడుగుతూనే ఉంది, రంగెలా ఉంది, ఏడ్చాడా, చలిగా ఉందా అప్పుడు, ఏం కప్పారు అని. నాన్న ఒక్కొక్కటీ చెప్పాడు. తెలీనివి తెలీదన్నాడు.

అంత పెద్ద యూనివర్సిటీలో ఆ అట్ట పరుచుకోవడానికి బల్లే దొరకలేదా, మంచులో మా ఇంటిదాకా ఎందుకు తెచ్చావని పెద్దయ్యాక బాబాయిని అడిగాను. మీ అమ్మ పప్పు కోసం అన్నాడు. నేను నమ్మలేదు. మరుసటి ఏడాది రైతులంతా కలిసి ఆ పద్ధతి మార్చుకున్నారు. నేలని కప్పి కలుపుని అణిచేట్టు కందిలో వేరుశనగ వేశారు. ఆ సంగతి మాత్రం వివరంగా చెప్పాడు.

ఆ వేసవిలో ఒక ఆంటీ వాళ్ళింట్లో, తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్ జరిగింది. కొత్తగా ఊరొచ్చిన ఒకావిడ అమ్మని, మీకు ఒక్కర్తేనా అండీ అని అడిగింది. పక్కనున్న ఆంటీలు గతుక్కుమన్నారు. ఎవరో ఆ కొత్తావిడ చేతిలో స్వీట్ పెట్టబోయారు. "ఇద్దరు," అంది అమ్మ. "బాబు పోయాడు." అప్పుడు, ఇద్దరు కొడుకుల తల్లిగా మాకందరికీ తెలిసిన డాక్టర్ ఆంటీ, పెరుగు గిన్నె మీద మూత పెడుతూ, "నాకు ముగ్గురు," అంది. ఆ ఊళ్ళో ఇరవై ఏళ్ళుగా ఉంటోంది ఆవిడ. ఎవరికీ తెలీదు.

ఇప్పుడు నాకూ ఒకటీ అరా తెల్ల వెంట్రుకలు వస్తున్నాయి. మీరెంతమంది అని ఎవరైనా అడిగితే ఇద్దరం అంటాను. తమ్ముడేం చేస్తుంటాడు అని తర్వాతి ప్రశ్న తప్పకుండా వస్తుంది. పోయాడని చెప్తాను. అడిగినవాళ్ళు నొచ్చుకుంటారు, మాట మార్చబోతారు. నేను మార్చనివ్వను. వాళ్ళింట్లో ఎంతమందో అడిగి, జవాబు కోసం ఆగుతాను.